నల్లకంటె కోళ్ళు

ఇంతకు ముందు నేను ఏదీ రాసినదాన్ని కాను. బడిలో అయిదో తరగతి దాకా చదివాను, అంతే. ఆ తరవాత రాసిందంటే కిరాణా కొట్టుకి పంపే చీటీలే. నలుగురిలో నోరు విప్పి చెప్పడం నాకు చేతకాదు. పోనీ పిల్లలకైనా చెబుదామంటే, ఈ కథ సగానికి వచ్చేసరికి కోపంతో గొంతు పట్టేస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

అనగనగా అని నేనంటాను. ఊఁ అని మీరనాలి. అన్నారా? అయితే వినండి.

ఏడు వాగులకు అవతల ధవళకేతు అనే మహారాజు ఉండేవాడు. ఆయన జెండా తెల్లది, దాని అంచు నల్లది. ఆయన కోట గోడ తెల్లది, గోడ మీద గీత నల్లది. ఆయన గుర్రం తెల్లది, దాని జూలు నల్లది. తెలుపు మీద నలుపు కనబడితే చాలు, కూర్చున్న రాజు లేచి నిలబడేవాడు.

ఆ రాజ్యంలో ఓ మూల, జీడితోటల మధ్య, మెట్టపాలెం అని ఓ పల్లె. ఆ పల్లెలో తవిటమ్మ. ముగ్గురు బిడ్డలు పోయాక పుట్టిందని, దిష్టి తగలకుండా పొరుగింటావిడకి ఇచ్చి మళ్ళీ చాటెడు తవుడుకి కొనుక్కున్నారట. అందుకని ఆ పేరు. మొగుడు గంపలల్లి సంతలకు తిరిగే మనిషి, ఇంటి పట్టున ఉండడు. తవిటమ్మకి మహా సిగ్గు. ఎవరైనా పలకరిస్తే కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడేది. "దీని మాట పక్కనున్న గోడకి కూడా వినపడదర్రా" అని ఊరంతా నవ్వేది.

కానీ తవిటమ్మ కోళ్ళను చూసి ఎవరూ నవ్వలేదు. అలాంటి కోళ్ళు ఆ రాజ్యం మొత్తం మీద ఆ ఒక్క ఇంట్లోనే ఉండేవి. ఒళ్ళంతా మల్లెపువ్వు తెలుపు. మెడ చుట్టూ మాత్రం నల్లని ఈకలు. ఒక్కొక్క నల్ల ఈకకీ సన్నటి తెల్ల అంచు. దూరం నుంచి చూస్తే, ఎవరో తీరిగ్గా కూర్చుని మెడలో నల్లటి కంటె పెట్టినట్టుండేది. తోక కూడా నలుపే. రెక్క విప్పితే లోపలి పెద్ద ఈకల్లో కాస్త నలుపు తొంగిచూసేది, ముడిస్తే దాక్కునేది. ఊరివాళ్ళు వాటిని నల్లకంటె కోళ్ళు అనేవారు.

అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. తవిటమ్మ అత్తగారు గౌరమ్మ చేసిన కోళ్ళవి. ఒకనాడు ఆవిడకి ఓ తెల్లపెట్ట మెడ మీద నాలుగంటే నాలుగే నల్లచుక్కలు కనిపించాయి. ఆ నాలుగు చుక్కలు పట్టుకుని పన్నెండేళ్ళు పాటుపడింది. ఏ పెట్టకి ఏ పుంజు, ఏ గుడ్డు ఏ గంపలో, అన్నీ ఆవిడ కళ్ళలోనే ఉండేవి. గద్దలు ఎత్తుకుపోయినవి పోగా, తెగుళ్ళకు రాలినవి రాలగా, పన్నెండో ఏట ఒక పెట్ట నిండుకంటెతో నిలబడింది.

తవిటమ్మ కొత్తకోడలుగా వచ్చిన వారానికే గౌరమ్మ ఆమె చేతిలో ఒక పుంజును పెట్టింది.

"కోడలా! దీన్ని ఏం చూసి మంచిదంటావే?"

"మెడ చూసి, అత్తా."

"మెడ చూసి మురిసిపోయేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నువ్వు వీపు మీద ఈకలు ఊది చూడు."

తవిటమ్మ ఉఫ్ అని ఊదింది. పైన మల్లెపువ్వు లాంటి ఈకలు విడిపోయాయి. అడుగున, చర్మానికి ఆనుకుని ఉన్న మెత్తటి నూగు మాత్రం బూడిద రంగులో ఉంది. పొయ్యిలో చల్లారిన బూడిద రంగు.

"ఇదేటత్తా, మురికా?"

"మురికి కాదే పిచ్చిమొహమా! కంటెకి వేరు అదే. అడుగున బూడిద చచ్చిపోతే పైన నలుపు మూడు తరాల్లో చచ్చిపోతుంది. అలాగని బూడిద మరీ ముదిరిపోతే వీపు మీదికి మసి ఎక్కుతుంది. అందుకని ముదురు పెట్టకి లేత పుంజు, లేత పెట్టకి ముదురు పుంజు. ఇదే విద్య. ఇంట్లో మాట, బయట పెట్టకు."

గౌరమ్మ పోయేటప్పుడు బిడ్డల పేరెత్తలేదు, పొలం పేరెత్తలేదు. "కంటె జాగర్త కోడలా" అంది. అంతే. తవిటమ్మ ఆ మాటని కొంగున ముడేసుకుంది. చోళ్ళు, అదే రాగులు, తిరగలిలో విసిరి నూకలు పెట్టేది. పాతకుండలో పేడా తాటాకులూ వేసి చెదపురుగులు పట్టించి పిల్లలకు పోసేది. ప్రతి పెట్టనీ ప్రతి పుంజునీ ఊది చూశాకే జత కట్టేది. ఇంటి విద్య ఇంట్లోనే ఉంచింది.

ఒకరోజు ధవళకేతు మహారాజు జీడితోటల దారిన వెళ్తుంటే ఓ నల్లకంటె పెట్ట దారికి అడ్డం నడిచింది. రాజుగారి గుర్రం ఆగింది. రాజుగారి ఊపిరి కూడా ఆగింది.

"తెలుపు మీద నలుపు! ఎవరిదీ కోడి? మన కోటలో ఇవి ఉండితీరాలి!"

కోటలో కుక్కుటాధ్యక్షుడనే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు, పేరు కోదండపాణి. పదవి కోళ్ళ మీదే గాని, ఆయన జన్మలో కోడిని తాకింది కంచంలోనే. రాజాజ్ఞ పట్టుకుని ఆయన మెట్టపాలెం వచ్చాడు. పట్టు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమమ్మా, ఈ కోళ్ళు నీవేనా?"

"మా అత్తగారియి బాబూ. పన్నెండేళ్ళు పట్టింది ఆవిడకి" అంది తవిటమ్మ నేలకు చెప్పినట్టుగా.

"పన్నెండేళ్ళా! భేష్. మూడు జతలు ఇవ్వు. మంచివి చూసి ఇవ్వు. రాజుగారితో మీ అత్తాకోడళ్ళ పేరు నేనే స్వయంగా చెబుతాను."

తవిటమ్మ నమ్మింది. ఊది, ఊది, మూడు మంచి జతలు ఏరి ఇచ్చింది. అత్త పేరు రాజుగారి చెవిన పడుతుందని ఆ పూట పరమాన్నం కూడా వండింది.

వారం తిరక్కుండానే ఊళ్ళోకి దండోరా వచ్చింది.

"వినండహో! శ్రీ కోదండపాణి గారు పన్నెండేళ్ళు అహోరాత్రాలు శ్రమపడి సృష్టించిన అపూర్వ జాతి! నేటి నుంచి ఈ కోళ్ళను కోదండ కుక్కుటాలని పిలవాలహో!" డమడమడమ.

పక్కింటి పైడమ్మ చేతిలో చేటతో అలాగే నిలబడిపోయింది. "ఓలే తవిటీ! పన్నెండేళ్ళంట! నువ్వు చెప్పిన పన్నెండే! లెక్క కూడా సొంతంగా వేసుకోలేకపోయాడే!"

తవిటమ్మ పైడమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినా, మా అత్త పేరు..."

"ఉష్! పెద్దోళ్ళతో మనకేటి? నోరు మూసుకో. కోళ్ళు నీ ఇంట్లోనే ఉన్నాయి కదా, పేరు పోతే పోయింది."

అందరూ అదే మాట. ఊరుకో, ఊరుకో, ఊరుకో. దోచుకున్నవాడిని ఎవరూ ఏమీ అనరు, దోపిడీ పడినదాన్నే ఊరుకోమంటారు! నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. తవిటమ్మకీ మండింది. కానీ ఆమె ఆ మంటనంతా తిరగలి మీద చూపింది. ఆ రోజు నూకలు పిండి అయిపోయాయి.

ఇక కోటలో ఏమైందో వినండి. ఈకల మధ్య బూడిద నూగు కోదండపాణి కంట పడింది.

"ఛీ ఛీ! రాజుగారి కోడికి లోపల మురికా! కడగండి!"

కుంకుడు రసంతో కడిగించాడు. పోలేదు. గంజి పెట్టి తోమించాడు. పోలేదు. అది ఒంటితో పుట్టిన రంగు, ఎలా పోతుంది? "అయితే మురికివాటిని వంటశాలకి పంపండి. లోపలా బయటా పాలనురుగులా ఉన్నవే ఉండాలి" అన్నాడు. అలా ప్రతి ఏడూ బూడిద ఉన్నవాటిని కోయించి, లేనివాటిని పొదిగించాడు. మొదటి ఏడు పుట్టినవాటి మెడలో కంటె నల్లదారమంత అయింది. రెండో ఏడు నాలుగు చుక్కలైంది. గౌరమ్మ పన్నెండేళ్ళు ఎక్కిన కొండ నుంచి ఆయన రెండేళ్ళలో జారి కింద పడ్డాడు.

పడినవాడు మళ్ళీ మెట్టపాలెం వచ్చాడు, ఈసారి ఇద్దరు భటులతో.

"నువ్విచ్చినవి నాసిరకం. నీ పెద్దపుంజును కోటకి ఇవ్వు. రాజాజ్ఞ."

పెద్దపుంజు! గౌరమ్మ స్వయంగా పొదిగించిన పెట్టకి మనవడు అది. తవిటమ్మ నోరు విప్పింది. ఇంటి విద్య దాటిపోతే పోయింది, కోళ్ళు బతికితే చాలనుకుంది.

"బాబూ... తీసుకెళ్ళండి. కానీ జత కట్టేముందు ఈకలు ఊది చూడండి బాబూ. అడుగున బూడిద ఉంటేనే..."

"ఊదడానికి నేనేం పొయ్యి ముందు కూర్చున్న ఆడదాన్నా?" అని కోదండపాణి పకపకా నవ్వాడు. "రెండేళ్ళుగా కుంకుడు రసంతో తోమిస్తున్నాను, బూడిద వదలనివాటిని రాజుగారికి కూర వండించి పెడుతున్నాను. కోళ్ళ సంగతి కుక్కుటాధ్యక్షుడికే చెప్తావా?"

తవిటమ్మ చెవుల్లో హోరు మొదలైంది. కూర వండించాడా! కంటెకి వేరు లాంటివన్నీ ఏరి ఏరి కూర వండించాడా! భటులు పెద్దపుంజును కాళ్ళు కట్టి తలకిందులుగా పట్టుకెళ్తుంటే అది వెనక్కి తిరిగి తిరిగి చూసింది. తవిటమ్మ గుమ్మం దాకా పరిగెత్తి ఆగిపోయింది. గొంతు దాకా వచ్చిన కేక మళ్ళీ కడుపులోకే పోయింది.

పెద్దపుంజు కూడా వంటశాలకే పోయిందని వేరే చెప్పాలా? దాని అడుగున ఉన్నంత నిండు బూడిద మరి దేనికీ లేదు.

మూడో ఏడు కోటలో కోళ్ళన్నీ తెల్లపిండి ముద్దలైపోయాయి. ఒక్కదానికీ కంటె లేదు. సరిగ్గా అప్పుడే రాజుగారు సెలవిచ్చారు: "వచ్చే పున్నమికి పొరుగురాజు మన అతిథి. మన నల్లకంటె కోళ్ళను సభలో చూపించాలి!"

కోదండపాణికి చెమటలు పోశాయి. చేసిన తప్పు ఒప్పుకున్నాడా? లేదు. ఆముదంలో దీపపు మసి కలిపించి ఇరవై కోళ్ళ మెడలకు పూయించాడు. పూయించాక ఇంకో భయం పట్టుకుంది. అసలైనవి మెట్టపాలెంలో ఉన్నాయి, ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే? అందుకని రాజు దగ్గరికెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, మెట్టపాలెంలో తవిటమ్మ అనే ఆడది మామూలు తెల్లకోళ్ళకు రంగు పూసి మన జాతేనని నమ్మిస్తోంది. మన పరువు పోతుంది. వాటిని నరికించాలి."

"పున్నమికి ముందే రెండింటినీ సభకు తెప్పించు" అన్నాడు రాజు. "నా ఎదుట చూద్దాం. దొంగకోళ్ళని తేలిన మరుక్షణం కత్తికి అప్పగిద్దాం."

దండోరా మళ్ళీ మెట్టపాలెం వచ్చింది. పిల్లతో సహా ఒక్కటి మిగల్చకుండా తవిటమ్మ కోళ్ళన్నీ రేపు కోటకి రావాలి. దొంగవని తేలితే అన్నీ కత్తికే.

తవిటమ్మ గూటి ముందు చతికిలబడింది. పద్దెనిమిది పెద్దకోళ్ళు. పొదుగు లేచిన ఒక తల్లి, దాని కింద రెండు రోజుల పిల్లలు పదకొండు. అత్త పన్నెండేళ్ళు, తను పదేళ్ళు. ఈ రాజ్యంలో నల్లకంటె అన్నది ఇక ఈ గంపల్లోనే ఉంది. ఇవి పోతే మరి లేదు.

మర్నాడు బండి మీద మూడు గంపలెక్కించి బయలుదేరింది. తోడు పైడమ్మ వచ్చింది. దారంతా ఒకటే మాట. "మారాజు కాళ్ళు పట్టేసుకో. ఎదురు మాట్లాడకు."

సభలో కోదండపాణి కోళ్ళు వెండి పంజరాల్లో ఉన్నాయి. మెడలు నిగనిగలాడుతున్నాయి. తవిటమ్మ కోళ్ళకి కాళ్ళకి మట్టి, గంపలకి పేడ. సభలో ముసిముసి నవ్వులు.

"ఏమమ్మా!" అన్నాడు రాజు. "నీ కోళ్ళ కంటె నిజమా, రంగా?"

తవిటమ్మ కాలి బొటనవేలితో నేల గీసింది. ఆ నేల మట్టి కాదు, చలవరాయి. గీత కూడా పడలేదు. మాట ఎలా పెగులుతుంది?

"మౌనం అర్ధాంగీకారం, ప్రభూ" అన్నాడు కోదండపాణి.

రాజు చెయ్యి ఊపాడు. భటుడు గంపలో చెయ్యి పెట్టి ఒక పెట్ట కాళ్ళు పట్టి పైకెత్తాడు. రెండో చేతిలో కత్తి. పెట్ట కెవ్వుమంది.

"దించు!"

సభంతా ఉలిక్కిపడింది. ఆ అరుపు ఎవరిదని అందరూ అటూ ఇటూ చూశారు. తవిటమ్మ కూడా చూసింది. ఆ అరుపు తనదే.

"దించు నా కోడిని!" అంది మళ్ళీ. ఈసారి గోడలకి కూడా వినపడింది. "చంపితే నిజం తెలుస్తుందా మారాజా? కడిగితే తెలుస్తుంది. బానలో గోరువెచ్చటి కుంకుడు రసం పోయించండి. ముందు నావి ముంచండి, తరవాత ఆయనవి."

కోదండపాణి మొహం మాడింది. "ప్రభూ! రాజకుక్కుటాలు సుకుమారమైనవి. తడిస్తే జలుబు చేస్తుంది."

"రెండేళ్ళు కుంకుడు రసంతో తోమించినప్పుడు చెయ్యని జలుబు ఇప్పుడు చేస్తుందా బాబూ?"

ముసిముసి నవ్వులు ఈసారి అటు తిరిగాయి. రాజు బాన తెప్పించాడు. తవిటమ్మ పెట్టను ముంచారు. కాళ్ళ మట్టి పోయింది, కంటె పోలేదు. నీళ్ళలో నల్లటి చారైనా లేదు. కోదండపాణి పుంజును ముంచారు. నీళ్ళు కాటుక అయ్యాయి. బయటికి తీస్తే తెల్లటి మెడ, చలికి వణుకుతూ.

కానీ అబద్ధానికి నాలుక పొడుగు.

"ప్రభూ!" అన్నాడు కోదండపాణి. "పండగపూట మనం మాత్రం కళ్ళకి కాటుక పెట్టుకోమా? కాస్త మెరుగు దిద్దాను. ఏదో లోపం వచ్చి కంటె తగ్గింది, నిజమే. కానీ ఈ జాతి నాదే. ఈవిడే నా గూటి నుంచి దొంగిలించింది!"

దొంగిలించిందట! తవిటమ్మకి కళ్ళలో నీళ్ళు రాలేదు, నిప్పులొచ్చాయి.

"అయితే చెప్పండి బాబూ. ఈ జాతిని చేసినవారు కదా. కోడి వీపు మీద ఈకల అడుగున ఏ రంగు ఉండాలి?"

"పాలనురుగు తెలుపు! మురికి ఉంటే అది నీచజాతి. ఆ మాత్రం తెలియదా?"

"మారాజా, మీరే ఊది చూడండి."

మహారాజు రెండు కోళ్ళనూ తుడిపించి, ఆరాక సింహాసనం దిగాడు. ముందు కోదండపాణి పుంజును ఊదాడు. అడుగు దాకా తెలుపే. దాని మెడ బోడి. తరవాత బుగ్గలు పూరించి తవిటమ్మ పెట్టను ఉఫ్ అని ఊదాడు. మెత్తటి నూగు ఎగిరి రాజుగారి మీసం మీద వాలింది. అడుగున బూడిద. మెడలో నిండుకంటె. ఇంకోటి ఊదాడు. బూడిద, కంటె. ఇంకోటి. బూడిద, కంటె.

"ఆ బూడిదే కంటెకి వేరు మారాజా. మా అత్త నేర్పింది. ఆ వేరునే మురికన్నారీయన. ఏరి ఏరి కోయించారు. నేను చెప్పబోతే, ఊదడానికి నేనేం ఆడదాన్నా అన్నారు."

రాజు మీసం మీది నూగు తుడుచుకున్నాడు. మొగవాడై ఉండీ ఇప్పుడే ఊదాడు కదా, ఏమంటాడు?

"ఇంకొక్కటి" అంది తవిటమ్మ. మూడో గంప మూత తీసింది. తల్లికోడి కొక్కొక్కొ అంది. "పదమూడు గుడ్లు పెడితే పదకొండు పిల్లలయ్యాయి. అందులో మా గుడ్లున్నాయి, మా పక్కింటి వదినవీ ఉన్నాయి. బాబుగారు పన్నెండేళ్ళు పొదిగించినవారు కదా, నల్లకంటె కాబోయే పిల్లలేవో తీసి పెట్టమనండి."

కోదండపాణి గంపలోకి తొంగిచూశాడు. మొహం వికసించింది. ఏడు పిల్లలు పసుపు ముద్దల్లా ఉన్నాయి, వీపుల మీద పొగ తగిలినట్టు కాస్త మసక. నాలుగింటికి మాత్రం మెడలు నల్లగా ఉన్నాయి. ఇంతకన్నా సులువేముంది?

రెండు వేళ్ళతో, మైల తగులుతుందేమోనన్నట్టు, ఆ నాలుగు పిల్లల్నీ తీసి రాజుగారి ముందు పెట్టాడు. "ఇవిగో ప్రభూ! పుట్టుకతోనే కంటె!"

"ఓలమ్మో!" అని సభ మధ్యలోంచి కేక లేచింది. ఎదురు మాట్లాడకని దారంతా చెప్పిన పైడమ్మే అది. "అవి నా నాటుకోడి పిల్లలు బాబో! రేపు పెద్దయితే కాకుల్లా అవుతాయి! కోడెప్పుడు గుడ్డు పెట్టిందో కూడా చూడని మొహానికి అధ్యక్షుడంట, అధ్యక్షుడు!"

సభ గొల్లుమంది.

"పసుపువి మావి మారాజా" అంది తవిటమ్మ. "కంటె పుట్టుకతో రాదు. రెండు నెలలు సాకాలి, అప్పుడు మొలుస్తుంది."

"నిజమేనా?" అని రాజు కోట గూళ్ళు ఊడ్చే ముసలాయన్ని పిలిచి అడిగాడు.

ముసలాయన చేతులు జోడించాడు. "నిజమే ప్రభూ. మొదటి ఏడు మేం పొదిగించినప్పుడు పుట్టినవీ పసుపు పిల్లలే. అధ్యక్షులవారికి తెలియదు. వారు ఏనాడూ గూటి దాకా రాలేదు."

కోదండపాణి ఉత్తరీయం ముక్కు మీద నుంచి జారిపోయింది.

రాజు తల దించుకుని అన్నాడు: "అమ్మా, మోసపోయాను."

అప్పుడు తవిటమ్మ అన్న మాట ఆ సభలో ఎవరూ మరిచిపోలేదు. ఏమందంటే:

"మోసపోయింది మీరు కాదు మారాజా, మేము. మీరు కూర తిన్నారు. తెలుపు మీద నలుపు చూస్తే మీరు లేచి నిలబడతారంట. బాగుంది. ఒక్కనాడైనా వంగి చూశారా? అది ఎవరి చేతిలో పెరిగిందో, ఎవరి ఊపిరి పోసుకుందో, ఒక్కసారైనా మనిషిని పంపి అడిగారా? మా ఊరు కోటకి ఒక్కపూట దారే."

భటులు కత్తులు సవరించుకున్నారు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"కుక్కుటాధ్యక్ష పదవి నీది" అన్నాడు. "కోటలో మేడ ఇస్తాను. ఏనుగు మీద ఊరేగిస్తాను."

"మేడ మీద కోళ్ళు బతకవు మారాజా. ఏనుగుని చూస్తే గుడ్లు పెట్టడం మానేస్తాయి. నాకు ఒక్కటే కావాలి. ఆ దండోరా వేసినాయన్ని, ఆ డప్పుతోనే, అన్ని ఊళ్ళూ మళ్ళీ తిప్పండి. అబద్ధం ఎంత గట్టిగా చెప్పారో నిజమూ అంత గట్టిగానే చెప్పించండి. ఇవి మెట్టపాలెం గౌరమ్మ కోళ్ళని."

రాజు ఒప్పుకున్నాడు. కోదండపాణి పదవి ఊడింది. గూళ్ళు ఊడ్చే ముసలాయన దగ్గర చీపురు పట్టుకోమన్నారు, ఈక ఊది చూడటం వచ్చేదాకా.

చీకటి పడే వేళకి బండి మెట్టపాలెం చేరింది. వాళ్ళకన్నా ముందు డప్పు చేరింది. "వినండహో! గౌరమ్మ కోళ్ళహో!" పైడమ్మ బండి దిగీ దిగగానే మొదలుపెట్టింది. "నేను ముందే చెప్పాను కదే, గట్టిగా అడగమని!"

తవిటమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. అనవలసిన మాట మర్నాటికి దాచుకుని గంపలు దించింది.

గూటి ముందు కూర్చుని అత్తని తలుచుకుంది. ఇంట్లో మాట బయట పెట్టకు అంది అత్త. ఆ మాట ఒక్క ఇంట్లోనే ఉండబట్టే కదా, ఒక్క కత్తికే అంతా పోబోయింది? తన నోరు మూతపడి ఉండబట్టే కదా, దొంగకి నోరు వచ్చింది? అత్త మాట కాదనడం తవిటమ్మకి అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే లేచింది. గంపల్లో ఇసుక పోసింది. ఉరుముకి గుడ్లు చెడకుండా ఒక్కొక్క దాంట్లో ఓ బొగ్గుముక్కా ఓ ఇనపమేకూ పెట్టింది. బేసిగా, గంపకి తొమ్మిదేసి నల్లకంటె గుడ్లు పేర్చింది. ఓ నల్లకంటె పెట్టని చంకన పెట్టుకుని, పొదుగుకొచ్చిన పెట్టలున్న మూడిళ్ళకి మోసుకెళ్ళింది. మొదటి ఇల్లు పైడమ్మది.

"వదినా, ఈ గుడ్లు నీకు. ఇదిగో ఈ పెట్టని పట్టుకో. ఊదు."

పైడమ్మ ఊదింది. "ఓలే, లోపల బూడిదేటే!"

"అదే నేర్పడానికి వచ్చాను. ముదురు పెట్టకి లేత పుంజు, లేత పెట్టకి ముదురు పుంజు. పదిమందికీ నేర్పు. ఇంకో మాట వదినా. ఈసారి ఎవడైనా పట్టు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని ఈ ఊరొస్తే, నన్ను ఊరుకోమనకు. నువ్వూ కేకెయ్యి."

పైడమ్మ సిగ్గుపడి కాలి బొటనవేలితో నేల గీసింది.

తవిటమ్మ రెండో గంప ఎత్తుకుని, ఆ ఇంటావిడని గట్టిగా పేరు పెట్టి పిలుస్తూ, రెండో ఇంటికి నడిచింది.

అడుగున ఉన్న బూడిదను మురికని పారేసినవాడికి పైనున్న సొగసు దక్కదు. ఆ బూడిద విలువ తెలిసీ నోరు మూసుకున్నవాడికి అదీ దక్కదు, ఇదీ దక్కదు.